ప్రేమ, ఎడబాటుల మీద ఒక చిలిపి ఇండీ పాప్ కాన్సెప్ట్ ఆల్బమ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రేమ పాటలన్నీ ఒకచోట చేరిస్తే కాన్సెప్ట్ ఆల్బమ్ అయిపోతుందా?

అవదు, అది సంకలనం. కాన్సెప్ట్ ఆల్బమ్ అంటే ఒకే ఊహ చుట్టూ, ఒక వరసలో వినడానికి కట్టిన పాటలు. తేడా తెలుసుకోవాలంటే మూడో పాటనీ తొమ్మిదో పాటనీ తారుమారు చేసి వినండి. ఏమీ చెడకపోతే మీ చేతిలో ఉన్నది పాటల మూట. ఏదో ఒక మాట ముందే బయటపడిపోయినట్టో, ఎవరో రాకముందే వెళ్లిపోయినట్టో అనిపిస్తే అది కాన్సెప్ట్ ఆల్బమ్.

కథే ఉండాలని లేదు. 1955లో వచ్చిన గాయకుడు ఫ్రాంక్ సినాట్రా ఆల్బమ్ ‘ఇన్ ద వీ స్మాల్ అవర్స్’లో 16 పాటలనూ కలిపింది ఒకే మనఃస్థితి. 1999 నాటి ‘69 లవ్ సాంగ్స్’ (ద మాగ్నెటిక్ ఫీల్డ్స్ బృందానిది) మూడు డిస్కుల ఆల్బమ్, దాన్ని కట్టిపడేసింది ఒక అంకె. కథో, మనఃస్థితో, లెక్కో, ఒక నియమం పెట్టుకుని చివరిదాకా దానికి లోబడాలి. మొదటి ఆల్బమ్‌కి కథే తేలిక, ఎందుకంటే ఏ పాట అనవసరమో కథే చెప్పేస్తుంది.

చిలిపి ఊహ ఎంతవరకు? ఎక్కడ మొహం మొత్తుతుంది?

ఒక్క అసాధ్యం చాలు. మిగతాదంతా మామూలు లోకంలాగే నడవాలి. మాట్లాడే చందమామ, ఎగిరే గొడుగు, ఏడ్చే గడియారం ఒకే ఆల్బమ్‌లో పెడితే వినేవాడికి దేనిమీదా బెంగ పుట్టదు. అన్నీ సాధ్యమైన లోకంలో పోయేదేముంది?

ఇక్కడినుంచి ఒక ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. ఒక జత చెప్పులు, ఎడమది, కుడిది. రెండూ ప్రేమలో ఉన్నాయి. అవి మాట్లాడతాయన్నది ఒక్కటే అసాధ్యం. అవి తమంతట తాము నడవలేవు, కాళ్లు ఎటు తీసుకెళ్తే అటే. నడుస్తున్నంతసేపూ ఒకటి ముందు, ఒకటి వెనక. పక్కపక్కన ఉండేది గుమ్మం బయట విడిచినప్పుడే. ఒకరోజు కుడి చెప్పు తెగుతుంది. ఈ పరిమితుల్లోంచే పాటలు పుడతాయి. పైగా ‘చెప్పు’ అన్న మాటకి మన భాషలో రెండర్థాలున్నాయి. మొదటి పాటలో అది వస్తువు, ఎనిమిదో పాటలో అదే మాట ‘ఏమైందో చెప్పు’ అనే బతిమాలాట. ‘తెగడం’ కూడా అంతే, బంధానికీ చెప్పు పట్టీకీ అదే క్రియ. మీ ఊహకి కూడా ఇలా రెండువైపులా పదునున్న మాట ఒకటి వెతకండి. అది దొరికేదాకా ట్యూన్ల జోలికి వెళ్లకండి.

‘చెప్పు’ అనగానే తిట్టు గుర్తొచ్చేవాళ్లుంటారు. ఆ సంగతి రెండో పాటలోనే ఒక చరణంలో తేల్చేయండి. వదిలేస్తే విషాద గీతం మధ్యలో నవ్వొస్తుంది.

ఎన్ని పాటలు, ఎంత నిడివి? తెగడం ఏ పాట దగ్గర రావాలి?

11 ట్రాకులు, 36 నుంచి 40 నిమిషాలు. వాటిలో 9 పాటలు, 2 చిన్న బిట్లు. తెగడం ఆరో ట్రాక్ చివర్లో వస్తే బాగుంటుంది. మూడో ట్రాక్‌లోనే తెగితే అప్పటికి శ్రోతకి ఆ జంట మీద మమకారం ఏర్పడదు. తొమ్మిదిలో తెగితే ఎడబాటుకి చోటుండదు.

సాధారణంగా ఆల్బమ్ కుంగిపోయేది ఏడు నుంచి పది వరకు. అన్నీ నెమ్మది పాటలు, అన్నీ మైనర్‌లో (దిగులుగా వినిపించే స్వరాల వరస), అన్నిటిలో వాన. దీనికి మందు ఏడో ట్రాక్‌ని ఆల్బమ్‌లోకల్లా హుషారైన పాటగా చేయడమే. ఏమీ జరగనట్టు నటించే పాట అది. నటన అని వినేవాడికి తెలుస్తుంది కాబట్టి నెమ్మది పాటకంటే ఎక్కువ గుచ్చుకుంటుంది.

టెంపోని కథకి కట్టేయండి. మనిషి మామూలు నడక నిమిషానికి 100 నుంచి 120 అడుగులు. జంటగా ఉన్న పాటలు 104 నుంచి 116 బీపీఎంలో (నిమిషానికి దెబ్బలు) ఉంచండి. ఏడోది 132, అంటే పరుగు. ఎనిమిదోది 66, కుంటి నడక. చివరి పాట మళ్లీ 104కి రావచ్చు, కానీ రెండో, నాలుగో దెబ్బలు ఖాళీగా ఉండాలి. ఎడమ అడుగులు మాత్రమే వినిపిస్తాయి.

ఒకే ట్యూన్‌ని ప్రేమకీ ఎడబాటుకీ ఎలా వాడాలి?

మూడు నుంచి ఐదు స్వరాల చిన్న పలుకు చాలు. అంతకంటే పొడుగైతే మళ్లీ వచ్చినప్పుడు గుర్తుపట్టరు. ‘గ ప గ’ తీసుకోండి, సి శ్రుతిలో ఇ, జి, ఇ. దాని కింద సి మేజర్ కార్డ్ (ఒకేసారి మోగే కొన్ని స్వరాలు) వాయిస్తే ఇంటికి చేరినట్టుంటుంది. అవే స్వరాల కింద ఎ మైనర్ పెడితే నీడ పడుతుంది. ఎఫ్ మేజర్ పెడితే ‘గ’ ఆ కార్డ్‌కి ఏడో స్వరం అవుతుంది, తీరని కోరికలా వేలాడుతుంది. ట్యూన్‌లో ఒక్క స్వరం కూడా మార్చలేదు, కింద నేల మారిందంతే.

చాలామంది చేసే పొరపాటు విషాదానికి ట్యూన్‌నే మైనర్‌లోకి మార్చేయడం. అప్పుడది వేరే పాట. జ్ఞాపకం అంటే అదే మాట వేరే గదిలో వినపడటం. కాబట్టి ట్యూన్ ముట్టుకోకుండా కార్డ్‌లు మార్చండి, లేదా వాద్యం మార్చండి. ఆల్బమ్ మొత్తంలో ఈ పలుకు ఐదారుసార్లు మించకూడదు. అందులో ఒకసారైనా ముగియకముందే ఆగిపోవాలి.

తెలుగులో రాస్తే ఇండీ పాప్‌లో మాట ఎందుకు వంకరపోతుంది?

ప్రధాన కారణం హ్రస్వ దీర్ఘాలు. పొడుగు స్వరం మీద పొట్టి అచ్చు పెడితే మాటే మారిపోతుంది. ‘పడిపోయా’లో మొదటి అక్షరం సాగితే ‘పాడిపోయా’ అని వినిపిస్తుంది. ‘విడు’ సాగితే ‘వీడు’. ‘కల’ సాగితే ‘కాల’. అందుకే ట్యూన్ ముందు కట్టి మాటలు తర్వాత రాసేటప్పుడు ప్రతి స్వరం కింద ఒక గుర్తు పెట్టుకోండి, పొడుగుకి గీత, పొట్టికి చుక్క. గీత దగ్గర దీర్ఘమో, సున్నా ఉన్న అక్షరమో, ద్విత్వానికి ముందున్న అక్షరమో రావాలి. అయితే ద్విత్వాన్ని ఎక్కువసేపు పట్టి ఉంచలేం. ‘మబ్బు’లో ‘మ’ని రెండు బీట్లు లాగితే ‘మాబ్బు’ అవుతుంది. గీత రెండు బీట్లు దాటితే దీర్ఘాచ్చే దిక్కు.

రెండోది అంత్యప్రాస. తెలుగులో క్రియలు చాలావరకు ‘ను’, ‘వు’, ‘డు’ లాంటి కొద్ది అక్షరాలతోనే ముగుస్తాయి కాబట్టి చివరి ప్రాస ఉచితంగా దొరుకుతుంది. ఉచితంగా దొరికినదానికి విలువ తక్కువ. ‘చూశాను, వచ్చాను, ఏడ్చాను’ అని నాలుగు పాదాలు సాగితే ఎడబాటు కాస్తా హాజరు పట్టీ అయిపోతుంది. దానికి బదులు పాదంలో రెండో అక్షరాన్ని కలపండి: ‘గుమ్మం’, ‘నమ్మకం’, ‘కొమ్మ’. చెవికి కట్టు దొరుకుతుంది, క్రియ మాత్రం స్వేచ్ఛగా ఉంటుంది.

మూడోది, పెద్ద మాటలు. ‘విరహం, హృదయం, కన్నీరు’ పల్లవిలోకి రాకుండా చూసుకోండి. ఆల్బమ్ మొత్తానికి ‘ప్రేమ’ అన్న మాట ఒక్కసారే వాడాలని నియమం పెట్టుకుంటే, అది ఏ పాటలో రావాలో మీరే చాలాసేపు ఆలోచిస్తారు. ఆ ఆలోచనే పనికొస్తుంది.

లయ లేని సాకీతో మొదలుపెట్టడం ఈ తరహా పాటలకి బాగా నప్పుతుంది. నాలుగు పాదాలు, తోడుగా ఒకే వాద్యం, తర్వాత నడక మొదలు.

ఏ వాద్యాలు? బొమ్మ పియానో, మ్యూజిక్ బాక్స్ లాంటివి ఎందుకు శ్రుతి తప్పినట్టుంటాయి?

అన్నీ కొనకండి. నాలుగు రంగులు చాలు. ఏ పాత్రకి ఏ వాద్యమో ముందే పంచేసి, మధ్యలో మార్చకండి.

యుకలేలి: చిన్న గిటార్ లాంటిది, తీగలు జి, సి, ఇ, ఎ. నాలుగో తీగ మామూలుగా పైస్థాయి జి కాబట్టి అన్నిటికంటే కింది స్వరం మిడిల్ సి (పియానో మధ్యలో ఉండే సి), అంటే దాదాపు 262 హెర్ట్జ్. దానికింద ఏమీ ఉండదు. యుకలేలి ఒక్కటే ఉన్న పాట పలచగా, ఫోన్‌లోంచి వచ్చినట్టు ఉండటానికి కారణం ఇదే. బేస్ గిటారో, కీబోర్డు మీద ఎడమచేతి స్వరమో కలపండి. కొత్త తీగలు కొన్ని రోజులు సాగుతూనే ఉంటాయి. రికార్డింగ్‌కి వారం ముందే వేసి, ప్రతి టేక్‌కీ శ్రుతి చూసుకోండి.

కలింబా: ఈ ఉదాహరణకి దీన్ని మించినది లేదు. 17 రేకుల కలింబాలో అతి కింది స్వరం మధ్యలో ఉంటుంది. స్వరాలు పైకి వెళ్లేకొద్దీ ఎడమకొకటి, కుడికొకటిగా సర్దుకుంటాయి. సరిగమలు వాయిస్తే బొటనవేళ్లు నడిచినట్టే ఉంటుంది. రేకుని లోపలికి నెడితే పొట్టిదై శ్రుతి పెరుగుతుంది, బయటికి లాగితే తగ్గుతుంది. చిన్న సుత్తితో మెల్లగా తట్టాలి, ఒక్కో దెబ్బకీ ట్యూనర్ చూడాలి. ఏదైనా రేకు జిర్రుమంటే ముందు దాన్ని పక్కలకి కాస్త కదిపి చూడండి. తగ్గకపోతే రేకు ఆనే చోట సన్నటి కాగితం ముక్క దూర్చండి.

బొమ్మ పియానో: లోపల తీగలుండవు, లోహపు కడ్డీలుంటాయి. మూలస్వరంతో పాటు సన్నగా మోగే పై స్వరాలు (ఓవర్‌టోన్లు) దానికి సరిగ్గా రెండు, మూడు రెట్లుగా ఉండవు, అందుకే శ్రుతి తప్పినట్టుంటుంది. పైగా చాలావాటికి మోతని ఆపే ఏర్పాటు ఉండదు, ఒక స్వరం మోత ఆగకముందే ఇంకోటి మొదలై గజిబిజి అవుతుంది. ఇంట్లో కడ్డీల శ్రుతి మార్చడం కష్టం. మార్గం ఒకటే: ఒక్కో కీని విడిగా, మోత పూర్తిగా ఆగేదాకా మూడేసిసార్లు రికార్డు చేసి శాంప్లర్‌లో (రికార్డు చేసిన శబ్దాల్ని కీల మీద వాయించనిచ్చే సాఫ్ట్‌వేర్) పెట్టుకోండి. అక్కడ శ్రుతి సరిచేయండి, కానీ పూర్తిగా కాదు. 5 నుంచి 10 సెంట్ల తేడా మిగల్చండి (పక్కపక్క కీల మధ్య దూరం 100 సెంట్లు). పూర్తిగా సరిచేస్తే బొమ్మలక్షణం పోయి, రేటు తక్కువ కీబోర్డులా వినిపిస్తుంది.

కాగితం పట్టీ మ్యూజిక్ బాక్స్: రంధ్రాలు పొడిచిన కాగితం పట్టీని లోపలికి పంపుతూ చేత్తో తిప్పితే మోగేది. 15 స్వరాల రకంలో సి మేజర్ స్వరాలు రెండు స్థాయిలే ఉంటాయి, మధ్య నల్లకీలు లేవు. వేరే శ్రుతి కావాలంటే రికార్డు చేశాక మార్చుకోవాలి. ఒకే స్వరాన్ని వెంటవెంటనే రెండుసార్లు వాయించలేం. రంధ్రాల మధ్య సుమారు 8 మి.మీ. ఎడం లేకపోతే రెండోది మోగదు, ఎందుకంటే మీటే పళ్ల చక్రం మళ్లీ తన స్థానానికి రావాలి. చేత్తో తిప్పేది కాబట్టి లయ ఊగుతుంది. క్లిక్‌కి (లయ చెప్పే టకటక శబ్దానికి) తగ్గట్టు తిప్పాలని తంటాలు పడేకంటే, ముందు దాన్నే రికార్డు చేసి పాట టెంపోని దానికి జత చేయడం నయం. బాక్స్‌ని పలచని చెక్క డబ్బా మీద ఆనిస్తే శబ్దం గట్టిగా వస్తుంది.

గ్లాకెన్‌స్పీల్: లోహపు పలకల్ని కర్రలతో కొట్టే వాద్యం. ఈ జాతి ఆల్బమ్‌లని ఎక్కువగా పాడుచేసేది ఇదే. రాసినదానికి రెండు స్థాయిలు పైన మోగుతుంది, మామూలుగా దాదాపు 780 నుంచి 4200 హెర్ట్జ్ వరకు. పాడే గొంతులో హల్లులు స్పష్టంగా వినపడే ప్రాంతం అక్కడే ఉంది. గొంతుతో పాటు వాయిస్తే మాట అర్థం కాదు. చరణాల మధ్య ఖాళీల్లో, రెండు మూడు స్వరాలు మాత్రమే. లోహపు మొన కర్రలు వద్దు, రబ్బరువి వాడండి.

చప్పట్లు, అడుగుల చప్పుడు డ్రమ్స్‌లా వాడొచ్చా?

వాడాలి. చప్పట్లు ఒకే మనిషి ఆరేడుసార్లు కొట్టి పొరలుగా వేయొచ్చు. ప్రతిసారీ మైక్‌కి దూరం మార్చండి, అర మీటరు, మీటరు, రెండు మీటర్లు, అరచెయ్యి ఆకారం కూడా మార్చండి. పొరల మధ్య 10 నుంచి 20 మిల్లీసెకన్ల తేడా ఉంటే గుంపులా ఉంటుంది. 40 దాటితే తడబాటులా వినిపిస్తుంది. ఒకే శబ్దాన్ని కాపీ చేసి వేస్తే మాత్రం గుంపు కాదు, రేకు డబ్బా మోత వస్తుంది.

అడుగులకి మైక్ నేలకి 20 సెం.మీ. ఎత్తులో, పక్కనుంచి. మైక్ స్టాండు కింద మందపాటి గుడ్డ మడిచి పెట్టకపోతే నేల అదురు స్టాండు గుండా ఎక్కుతుంది. ఎడమ అడుగుకి, కుడి అడుగుకి వేర్వేరు చెప్పులు వాడితే రెండు పాత్రలూ విడివిడిగా తెలుస్తాయి. తెగే శబ్దం కోసం నిజం చెప్పు తెంపినా అది తెగినట్టు వినపడదు. పాత తోలు బెల్టు మెలితిప్పిన కిర్రు, దానిమీద గుడ్డ చింపిన చప్పుడు కలిపితే తెగినట్టుంటుంది.

గొంతులు ఎలా రికార్డు చేయాలి?

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకోండి. గరిష్ఠ స్థాయి మైనస్ 12 డీబీ దగ్గర ఆగేట్టు చూసుకోండి. ఈ తరహా పాటలు గుసగుసకి దగ్గరగా పాడతారు కాబట్టి మైక్ 10 నుంచి 15 సెం.మీ. దూరంలో, మధ్యలో పాప్ ఫిల్టర్ (నోటి గాలిని ఆపే జాలి). మైక్‌ని నోటికి ఎదురుగా కాక కొంచెం పక్కకి తిప్పితే ‘ప’, ‘భ’ల గాలి తగలదు. దగ్గరగా పాడితే కింది ధ్వని ఉబ్బుతుంది, 100 హెర్ట్జ్ దిగువన కోసేయండి.

ప్రేమ పాటల్లో గొంతుని రెండుసార్లు పాడి జంట చేయండి. ఎడబాటు పాటల్లో ఒక్కటే టేక్, రివర్బ్ (గది ప్రతిధ్వని) చాలా తక్కువ. శ్రోత కారణం చెప్పలేకపోయినా ఒంటరితనం తగులుతుంది. విషాదానికి రివర్బ్ కుమ్మరించడం అలవాటైన తప్పు. రివర్బ్ దూరాన్నిస్తుంది, ఇక్కడ కావాల్సింది దగ్గరగా వినపడే ఊపిరి.

ఒక పాత్ర ఎడమ స్పీకర్‌లో, ఒకటి కుడిలో పెట్టొచ్చా?

ఊహ మంచిదే. ఆరో ట్రాక్ దాకా రెండువైపులా కళకళలాడి, తర్వాత కుడివైపు బోసిపోతే కథంతా చెవికే తెలుస్తుంది. కానీ మూడు చిక్కులున్నాయి.

పూర్తిగా ఒక పక్కకి నెడితే హెడ్‌ఫోన్స్‌లో చెవి నొక్కుకుపోయినట్టుంటుంది. 70 శాతం దగ్గర ఆపి, ఆ గొంతు తాలూకు గది ప్రతిధ్వనిని రెండోవైపు సన్నగా వదలండి. ఖాళీ అయిన కుడివైపు కూడా పూర్తి నిశ్శబ్దం వద్దు, ఖాళీ గది శబ్దం ఉండాలి. లేకపోతే వైరు ఊడిందనుకుంటారు. ఫోన్ స్పీకర్‌లో రెండూ ఒకటైపోతాయి కాబట్టి ప్రతి మిక్స్‌నీ మోనోలో (రెండు వైపులూ కలిపేసి) వినండి. అక్కడ కూడా పాత్రలు విడిగా తెలియాలంటే స్థాయిలో తేడా ఉండాలి, ఎడమ గొంతు కింద, కుడి గొంతు పైన. బేస్ మాత్రం ఎప్పుడూ మధ్యలోనే. ఎల్‌పీ (గ్రామఫోన్ పళ్లెం) వేసే ఆలోచనుంటే ఇది మరీ ముఖ్యం, పక్కకి జరిగిన బేస్ వల్ల సూది ఎగిరిపడుతుంది.

పాటలు ఆగకుండా ఒకదానిలోంచి ఒకటి రావాలంటే?

పాటలన్నీ ఒకే ప్రాజెక్టులో వరసగా పేర్చి, చివర్లో వావ్ ఫైళ్లుగా కోయండి. ఎంపీ3గా మార్చి కోస్తే మొదట్లో, చివర్లో చిన్న ఖాళీ చేరి ‘టక్’మంటుంది. సీడీలో సెకనుకి 75 ఫ్రేములు, ఒక్కో ఫ్రేము 588 శాంపిల్స్. కోత ఆ హద్దు మీద పడాలి. మాస్టరింగ్ (ధ్వనిని చివరిగా సర్దే పని) కూడా కోయకముందే, మొత్తానికి కలిపి చేయండి.

విడిగా సింగిల్‌గా వదిలే పాటకి వేరే కోత కావాలి, శుభ్రమైన మొదలు, శుభ్రమైన ముగింపుతో. దానికి ఐఎస్‌ఆర్‌సీ అనే రికార్డింగ్ గుర్తింపు కోడ్ కూడా వేరే తీసుకోండి.

బిట్లు 30 సెకన్లకంటే పొట్టిగా ఉండకూడదు. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక స్ట్రీమ్‌గా లెక్క. 45 సెకన్లైతే హాయి.

ఎంత గట్టిగా మాస్టర్ చేయాలి?

స్పాటిఫై మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి సర్దుతుంది (చెవికి తగిలే సగటు బిగ్గరతనానికి కొలత అది). ఆల్బమ్ వరసగా వింటున్నప్పుడు పాటల మధ్య హెచ్చుతగ్గుల్ని అలాగే ఉంచుతుంది. కాబట్టి ఎనిమిదో పాటని ఏడో దానంత గట్టిగా లాగకండి, నాలుగైదు డీబీ తక్కువ ఉండనివ్వండి. ట్రూ పీక్ (శబ్దం తాకే అసలు శిఖరం) మైనస్ 1 డీబీ దాటకూడదు. బొమ్మ పియానో, గ్లాకెన్‌స్పీల్ దెబ్బలు క్షణంలో పైకి లేస్తాయి. శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ వాటిని నొక్కితే చిట్లిన గాజులా మారతాయి. మిక్స్‌లోనే ఆ ట్రాకులు తగ్గించుకోవాలి.

ఎల్‌పీ, క్యాసెట్ వేస్తే వరస మార్చాలా?

12 అంగుళాల ఎల్‌పీలో ఒక్కో వైపు 18 నుంచి 22 నిమిషాలు మంచిది. సూది లోపలికి వెళ్లేకొద్దీ పై ధ్వనులు మసకబారతాయి, ‘స’, ‘శ’ గీరుకుంటాయి. అందుకని ప్రతి వైపూ చివర నెమ్మది పాట ఉండాలి. మన వరసలో ఆరో ట్రాక్ మొదటి వైపు చివరకి వస్తుంది, తెగిన శబ్దం తర్వాత శ్రోత లేచి పళ్లెం తిప్పాలి. అంతకంటే మంచి విరామం దొరకదు. క్యాసెట్‌కి రెండు వైపులా నిడివి దగ్గరగా ఉంచితే చాలు.

నిజజీవితంలోని మనిషి గురించి రాయొచ్చా?

అనుభూతి మీది, వివరాలు వాళ్లవి కూడా. పేరు, ఊరు, ఉద్యోగం తీసేయండి. వాళ్లు రాసిన ఉత్తరాన్నో సందేశాన్నో ఉన్నదున్నట్టు పాడకండి, దాని మీద హక్కు రాసినవాళ్లదే. వాయిస్ మెసేజ్ వాడాలంటే అనుమతి రాతలో తీసుకోండి. చెప్పుల ఊహ ఇక్కడే అక్కరకొస్తుంది, ఎవరినీ బయటపెట్టకుండా అన్నీ చెప్పనిస్తుంది.

విడుదలకి ముందు ఏమేం సిద్ధంగా ఉండాలి?

ముఖచిత్రం చదరంగా, 3000 పిక్సెళ్లు ఒక్కో వైపు. ఫోన్‌లో గోరంత కనిపించినా జత చెప్పులని తెలియాలి. ప్రతి రికార్డింగ్‌కీ 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ, ఆల్బమ్‌కి యూపీసీ (ఆల్బమ్ మొత్తానికి ఒకే గుర్తింపు సంఖ్య). ఇవి సాధారణంగా పాటల్ని యాప్‌లకి చేర్చే డిస్ట్రిబ్యూటరే ఇస్తాడు. సాహిత్యం, బాణీ, రికార్డింగ్‌లలో ఎవరి వాటా ఎంతో ముందే కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకోండి. స్పాటిఫై సంపాదకులకి పాట పంపడానికి కనీసం 7 రోజుల ముందు గడువుంది, మీరు నాలుగు వారాల ముందే ఫైళ్లు ఎక్కించండి. పంపేది ఒక్క పాటే అయితే మూడోది పంపండి. ఏడోది ఎంత హుషారుగా ఉన్నా విడిగా వింటే అందులోని నటన తెలియదు.